ఉత్తరాంధ్రలో చిన్న స్వతంత్ర సంగీత లేబుల్ నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో రెండు గదుల్లో నడుస్తున్న మా లేబుల్‌కు ఫోన్ చేసేవారిలో సంగీత కళాశాల విద్యార్థులు, పల్లెల్లో జానపద బృందాలు నడిపేవారు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు కట్టేవారు ఉంటారు. వారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాం. చట్టానికి సంబంధించిన సంగతులు మాకు అర్థమైన మేరకు చెప్పాం కాబట్టి, పెద్ద మొత్తం చేతులు మారే కాగితం మీద సంతకం పెట్టే ముందు దాన్ని ఒక న్యాయవాదికి చూపించండి.

మాకు యూట్యూబ్ ఛానల్ ఉంది. మళ్లీ లేబుల్ ఎందుకు?

పాటను జనం ముందు పెట్టడానికి ఛానల్ సరిపోతుంది. ఆ పాట రికార్డింగు మీద హక్కు ఎవరిదో కాగితం మీద తేల్చుకుని, దాన్ని అన్ని వేదికలకూ పంపి, వచ్చిన డబ్బును లెక్కకట్టి, పాడినవారికీ రాసినవారికీ పంచేది లేబుల్. ఒక పాటలో చట్టం దృష్టిలో వేర్వేరు ఆస్తులు ఉంటాయన్నది మొదట తెలుసుకోవలసిన విషయం. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, వాటిని పాడి వాయించగా తయారైన రికార్డింగు ఇంకొకటి. ఈ చివరిదాన్నే వ్యవహారంలో మాస్టర్ అంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మాస్టర్ హక్కు నిర్మాతది, అంటే ఆ రికార్డింగు చేయించడానికి చొరవా బాధ్యతా తీసుకున్న వ్యక్తిది. అందుచేత స్టూడియో బిల్లు ఎవరి పేరు మీద ఉందన్నది చిన్న విషయం కాదు. మిత్రుడి పేరున బిల్లు రాయించుకుని, ఆ తరువాత పాట తనదని రుజువు చేసుకోలేక తిరిగినవారిని మేము చూశాం.

ఈ పనికి హైదరాబాద్ వెళ్లక తప్పదా?

వెళ్లనవసరం లేదు. మిక్సింగ్ (విడివిడిగా తీసిన శబ్దాలను కలిపి సమతూకం చేయడం), మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు దిద్దడం) చేసేవారు ఎక్కడ ఉన్నా ఫైళ్లు పంపి పని చేయించుకోవచ్చు. దూరం నుంచి తెప్పించుకోలేనిది వాద్యకారులను, గాయకులను. ఆ విషయంలో ఈ ప్రాంతానికి లోటు లేదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలుగా మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు, ఘంటసాల, పి. సుశీల చదువుకున్నారు. ఇవాళ్టికీ వయొలిన్‌కో మృదంగానికో మనిషి కావాలంటే కోట చుట్టుపక్కల నాలుగు వీధులు తిరిగితే దొరుకుతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణ చేసేవారే ఉన్నప్పుడు, వీణ మెట్టు సడలితే చెన్నై పంపవలసిన పని కూడా ఉండదు.

ఏయే రిజిస్ట్రేషన్లు చేయించుకోవాలి?

ఒక్కరే నడిపేటట్లయితే సొంత యాజమాన్యంతో మొదలుపెట్టి, లేబుల్ పేరున బ్యాంకులో కరెంట్ ఖాతా తెరిచి, చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే చాలు. ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుబడి పెడితే మాత్రం స్నేహాన్ని నమ్ముకోకుండా మొదటి రోజే భాగస్వామ్య పత్రం రాసుకోవాలి. కాపీరైటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రికార్డింగు పూర్తి కాగానే హక్కు పుడుతుంది. వివాదం వచ్చే అవకాశం ఉందనుకున్న రికార్డింగును 2,000 రూపాయల రుసుముతో నమోదు చేయించుకుంటే రేపు కోర్టులో సాక్ష్యంగా పనికివస్తుంది. ప్రతి పాటకూ ఆ ఖర్చు పెట్టడం మాత్రం దండగే.

పేరు ఎలా ఎంచుకోవాలి?

పైడితల్లి అమ్మవారి పేరు పెట్టాలని చాలామందికి ఉంటుంది. విజయనగరంలో కిరాణా కొట్టు నుంచి టైర్ల దుకాణం దాకా ఆ పేరే ఉన్నందువల్ల వెతికినవారికి మీ లేబుల్ దొరకదు, ట్రేడ్‌మార్కు రావడమూ కష్టం. ట్రేడ్‌మార్కుల వెబ్‌సైటులో పేరును ఉచితంగా వెతికి చూసుకుని, రికార్డింగులకు 9వ తరగతి, వినోద సేవలకు 41వ తరగతి కింద దరఖాస్తు చేయాలి. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయలు. నమోదైతే 10 ఏళ్లు ఉంటుంది, ఆ తరువాత పొడిగించుకోవచ్చు.

జానపద పాట ఎవరి సొత్తూ కాదు కదా, ఎవరి అనుమతి తీసుకోవాలి?

మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. తరతరాలుగా నోటి మాటగా వచ్చి, కర్త ఎవరో తెలియని పాటకు సాహిత్యం మీదా బాణీ మీదా కాపీరైటు ఉండదన్నది నిజం. అయితే పల్లెల్లో జానపదం పేరుతో పాడే పాటల్లో చాలా వరకు ఎవరో ఒకరు కూర్చుని రాసినవే. రచయిత బతికి ఉన్నంత కాలం, ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు మరో 60 ఏళ్లు ఆ హక్కు నిలిచి ఉంటుంది. మన జిల్లాల వారినే ఉదాహరణగా తీసుకుంటే లెక్క తేలికగా అర్థమవుతుంది. గురజాడ అప్పారావు గారు 1915లో, నారాయణదాసు గారు 1945లో, గరిమెళ్ల సత్యనారాయణ గారు 1952లో కన్నుమూశారు కనుక వారి రచనలను ఎవరైనా పాడుకోవచ్చు, రికార్డు చేసుకోవచ్చు. వంగపండు ప్రసాదరావు గారు 2020లో పోయారు కాబట్టి ఆయన పాటల మీద హక్కు 2080 డిసెంబరు దాకా వారసులకో, ఆయన రాసిచ్చినవారికో ఉంటుంది. ఊరూరా అందరి నోటా వినిపిస్తోంది కనుక ఆ పాట అందరిదీ అనుకోవడం చట్టం ముందు చెల్లదు.

గురజాడ గేయానికి ఒకరు పదేళ్ల కింద కట్టిన బాణీని వాడుకుంటే, సాహిత్యం స్వేచ్ఛగా ఉన్నా బాణీ స్వేచ్ఛగా ఉండదు. పాత రికార్డుల సంగతీ ఇంతే. రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాబట్టి 1964లో వచ్చిన రికార్డుల గడువు 2024తో ముగిసింది. అంతమాత్రాన ఘంటసాల పాత ప్రైవేటు (సినిమాలకు చెందని) గీతాన్ని యథాతథంగా వేసుకోవచ్చని అనుకోకూడదు. ఆయన 1974లో పోయారు కనుక ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరి దాకా ఉంటుంది.

చట్టం అడగని అనుమతి కూడా ఒకటి ఉంది. సీతంపేట కొండల్లో సవరల పూజ పాటలు, కొన్ని ఊళ్లలో అమ్మవారి ఘటాల పాటలు సమయం సందర్భం ఉన్నవి. వాటిని డీజే బాక్సుల్లో వినడం ఆ ఊరివారికి ఇష్టం ఉండకపోవచ్చు. పెద్దలను అడగండి, వద్దంటే మానేయండి.

సినిమా పాటను మా గాయనితో మళ్లీ పాడించి విడుదల చేయవచ్చా?

మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక మరో 5 ఏళ్లు గడిస్తేనే కవర్ వెర్షన్‌కు చట్టబద్ధమైన లైసెన్సు మార్గం ఉంది. అందులోనూ ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ ముందే కట్టాలి. చిన్న లేబుల్‌కు అది తలకు మించిన భారం. సొంత పాటలు చేసుకోండి.

కళాకారులతో ఒప్పందంలో ఏమేమి ఉండాలి?

హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండి, సంతకం ఉంటేనే చెల్లుతుంది. ఏ పాట, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అనే అయిదూ స్పష్టంగా రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టమే అర్థం చెప్పుకుంటుంది. గడువు వేరుగా రాసుకోనప్పుడు, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది రద్దవుతుంది. 2012 సవరణ తరువాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను పూర్తిగా వదులుకున్నట్టు రాయించుకున్నా అది నిలవదు. అందువల్ల ఇంటర్నెట్‌లో దొరికే పాత నమూనా ఒప్పందాలను నకలు కొట్టకండి.

మేము శాశ్వత హక్కులు అడగం. మాస్టర్‌ను 10 ఏళ్లకు తీసుకుని, ఆ తరువాత కళాకారుడు కోరితే తిరిగి ఇచ్చేటట్టు రాసుకుంటాం. దీన్ని మా మంచితనం అనుకోనవసరం లేదు. ఈ షరతు ఉన్నందువల్లే, పెద్ద ఊళ్లలో అవకాశాలు ఉన్న మంచి గాయకులు కూడా మా దగ్గర సంతకం పెడుతున్నారు. గాయకుడితోపాటు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసినవారితో, కోరస్ పాడినవారితో, ముఖచిత్రం గీసినవారితో కూడా ఒక పేజీ కాగితం రాయించుకోండి. పాట హిట్టయ్యాక అందరికంటే ముందు ఫోన్ చేసేది వారే.

చదువు రాని బృందాలతో ఒప్పందం ఎలా రాసుకోవాలి?

తెలుగులో రాయాలి. అదీ దస్తావేజుల తెలుగులో కాకుండా మాట్లాడుకునే తెలుగులో రాయాలి. వారి ఊళ్లోనే, బృందం అంతా ఉన్నప్పుడు, లేబుల్‌తో సంబంధం లేని మనిషి చేత, వీలైతే ఆ ఊరి ఉపాధ్యాయుడి చేత, చదివించి వినిపించాలి. వేలిముద్ర పక్కన "చదివి వినిపించగా విని, అర్థమై వేసిన వేలిముద్ర" అని రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. ఒక నకలు వారికి ఇచ్చి తీరాలి. మేము ఆ నకలును ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇస్తాం, ఎందుకంటే తాటాకు ఇంట్లో కాగితం ఒక వానాకాలం మించి నిలవదు. డబ్బు మేళగాడి (బృంద నాయకుడి) చేతికి ఇవ్వాలా, అందరికీ విడివిడిగా ఇవ్వాలా అన్నది కూడా ఆ సభలోనే తేల్చాలి.

తప్పెటగుళ్ల వంటి, ఆడుతూ పాడే జానపద కళలను రికార్డు చేయడానికి స్టూడియో కావాలా?

మేము మొదటిసారి బృందాన్ని స్టూడియోకే రప్పించి, ఒక్కొక్కరినీ విడివిడిగా మైకు ముందు నిలబెట్టాం. నిలబడి వాయించమంటే వారి వల్ల కాలేదు. గుండెకు కట్టుకున్న రేకు తప్పెటను కొట్టే చేతులు, గజ్జెల కాళ్లు ఒకే శరీరానివి కదా, కాలు ఆగితే చెయ్యీ తప్పుతుంది. రోజంతా పోయింది, అద్దె పోయింది, పనికొచ్చిన పాట ఒక్కటీ రాలేదు.

రెండోసారి గజపతినగరం వైపు ఒక పల్లెలో బడి గది అడిగి తీసుకున్నాం. గోడల వెంట ధాన్యం బస్తాలు పేర్చి, కిటికీలకు తడి బొంతలు వేలాడదీస్తే రేకు కప్పు ప్రతిధ్వని చాలావరకు తగ్గింది. బృందాన్ని వలయంగా ఆడనిచ్చి, నడినెత్తిన జంట మైకులు వేలాడదీశాం. గజ్జెల హోరులో మేళగాడి గొంతు మునిగిపోతుంటే చొక్కాకు చిన్న మైకు పెట్టి చూశాం, అది తప్పెట పట్టీకి రాసుకుని గరగరలాడింది. చివరికి ఆయన తలపాగా మడతలో, నుదుటి పైన, దాన్ని దారంతో కుట్టేశాం. ఆ రోజు తీసిన మూడు పాటలే ఈనాటికీ మా దగ్గర ఎక్కువమంది వినేవి.

జముకు అనే తీగ వాద్యంతో పాడుతూ చెప్పే జముకుల కథ తీసేటప్పుడు జాగ్రత్త వేరు. జముకు తీగ లాగినప్పుడు వచ్చే ఆ జారుడు నాదం స్పీకర్లలో బ్రహ్మాండంగా వినిపిస్తుంది, చౌక ఫోనులో మాయమవుతుంది. మిక్సింగ్ పూర్తయ్యాక తప్పనిసరిగా ఫోనులో వినండి, ఎందుకంటే వినేవారిలో ఎక్కువమంది ఫోనులోనే వింటారు.

పాట స్పాటిఫై, జియోసావన్ వంటి వేదికల్లోకి ఎలా చేరుతుంది?

చిన్న లేబుల్ నేరుగా పంపడం కుదరదు. మధ్యలో డిజిటల్ పంపిణీ సంస్థ ఉండాలి. కొన్ని సంస్థలు ఏడాది రుసుము తీసుకుంటాయి, కొన్ని రాబడిలో శాతం తీసుకుంటాయి. ఏడాదికి నాలుగైదు పాటలు మాత్రమే చేసేవారికి శాతం పద్ధతి మేలు. రుసుము కట్టడం ఆపేస్తే పాటలు తొలగిస్తారా అన్నది ముందే అడగాలి. నాణ్యత తగ్గించిన ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలు, 3000 బై 3000 పిక్సెళ్ల ముఖచిత్రం సిద్ధం చేసుకోవాలి.

ప్రతి రికార్డింగుకూ ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల సంకేతం ఉంటుంది. పంపిణీ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది. రేపు సంస్థ మారినా అదే సంకేతంతో పాటను మళ్లీ ఎక్కిస్తేనే పాత వినికిడి లెక్కలు, అంటే పాటను ఎన్నిసార్లు విన్నారన్న లెక్కలు, నిలుస్తాయి కాబట్టి, ఆ సంకేతాలన్నీ సొంత పుస్తకంలో రాసుకోండి. గాయకుల పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగును మొదటి పాటకే ఖాయం చేయాలి. మేము ఒక గాయని పేరును ఒక పాటకు ఒక "ఎ"తో, ఇంకో పాటకు రెండు "ఎ"లతో రాసి, ఆమెను ఇద్దరు మనుషులుగా మార్చేశాం. సరిచేయడానికి రెండు నెలలు పట్టింది.

డబ్బు ఎంత వస్తుంది?

ఒక వినికిడికి ఇంత అనే స్థిరమైన ధర ఉండదు. చాలా వేదికలు చందా, ప్రకటనల రాబడిని ఒక కుప్పగా పోసి, మొత్తం వినికిడిలో మీ వాటా ప్రకారం పంచుతాయి. స్పాటిఫైలో 2024 నుంచి, గత 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినిపించని పాటకు రాయల్టీ లేదు. యూట్యూబ్‌లో ప్రకటనల రాబడికి 1,000 మంది చందాదారులు ఉండాలి, దానితోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు గానీ రావాలి.

ఒక లెక్క వేసి చూపిస్తాం. ఒక పాటకు రెండేళ్లలో 30,000 రూపాయలు వచ్చాయనుకోండి. పంపిణీ సంస్థ 15 శాతం పోగా 25,500 మిగులుతుంది. అందులో రికార్డింగు, మిక్సింగ్, వీడియో ఖర్చు 18,000 తీసివేస్తే మిగిలేది 7,500. సగం సగం పంచితే బృందానికి 3,750. బృందంలో 15 మంది ఉంటే తలకు 250 రూపాయలు. రోజు కూలి కంటే తక్కువ. అందుకే మేము బృందాలకు రికార్డింగు రోజునే పారితోషికం ఇస్తాం, దాన్ని తిరిగి రాబట్టే ఖర్చుల్లో కలపం. వాటా దానికి అదనం. ఆ పారితోషికం ఇవ్వలేని ఏడాది ఆ పాట చేయకపోవడమే న్యాయమని మా అభిప్రాయం.

లెక్కల పట్టికను జూన్, డిసెంబరు నెలల్లో రాబడి ఉన్నా లేకున్నా పంపుతాం. సున్నా వచ్చినా సున్నా అని రాసి పంపితేనే నమ్మకం నిలుస్తుంది. చెల్లింపులు బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో జరగాలి, చేతి డబ్బుకు సాక్ష్యం ఉండదు.

మా పాట మీద ఇతరులు క్లెయిమ్ పెట్టారు. ఏం చేయాలి?

క్లెయిమ్ అంటే ఆ శబ్దం తమదని హక్కు చెప్పడం. వాటిని పెట్టే యూట్యూబ్ యంత్రాంగం కంటెంట్ ఐడీ శబ్దాన్ని పోల్చి చూస్తుందే తప్ప న్యాయం చూడదు. ఎక్కువ సందర్భాల్లో మూలం మీ పాటలోనే ఉంటుంది. బీట్ లైబ్రరీ (సిద్ధంగా ఉన్న శబ్దాల సేకరణ) నుంచి తీసుకున్న లూప్‌ను, అంటే మళ్లీ మళ్లీ తిరిగే శబ్దపు ముక్కను, వేలమంది వాడి ఉంటారు, వారిలో ఒకరు ముందుగా నమోదు చేసి ఉంటారు. అటువంటి లూప్ ఉన్న పాటను మీరు కూడా కంటెంట్ ఐడీకి పంపకూడదు. డప్పు, తప్పెట, సన్నాయి మీరే వాయించి రికార్డు చేస్తే ఈ తలనొప్పి ఉండదు. నిజంగా మీదే అయితే లైసెన్సు కాగితం, స్టూడియో బిల్లు జతపరచి వివాదం నమోదు చేయండి.

ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ)లో చేరాలా?

రచయితలు, స్వరకర్తలు చేరాలి. 1969లో ఏర్పడిన ఆ సంస్థ సాహిత్యానికీ బాణీకీ రావలసిన రాయల్టీని వసూలు చేస్తుంది. ఆ డబ్బు లేబుల్ పంపే లెక్కలో కనిపించదు. మీ దగ్గర రాసేవారి చేత దరఖాస్తు పెట్టించండి.

పన్నుల సంగతి ఏమిటి?

సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. అయితే స్వరకర్త తన కాపీరైటును సంగీత సంస్థకు ఇచ్చినప్పుడు రివర్స్ ఛార్జ్ పద్ధతిలో పన్ను సంస్థే కట్టవలసి రావచ్చు, ఆ పద్ధతిలో కట్టేవారికి 20 లక్షల మినహాయింపు వర్తించదు. ఈ ఒక్క విషయం కోసమైనా మొదటి ఒప్పందానికి ముందే ఆడిటర్ గారిని కలవండి. విదేశీ వేదికల నుంచి డబ్బు వచ్చేవారు అమెరికా పన్ను కోసం డబ్ల్యూ-8బెన్ పత్రం నింపాలి. నింపకపోతే అక్కడి రాబడిలో ఎక్కువ శాతం కోత పడుతుంది.

విడుదల ఎప్పుడు పెట్టుకోవాలి, ప్రచారం ఎలా చేయాలి?

విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం విజయదశమి తరువాతి మంగళవారం. అమ్మవారి పాటను దసరా నాడు విడుదల చేస్తే ఆలస్యమైనట్టే, ఎందుకంటే డీజేలు తమ వరుసను అంతకు రెండు మూడు వారాల ముందే సిద్ధం చేసుకుంటారు. మేము పాటను విడుదలకు నాలుగు వారాల ముందు పంపిణీ సంస్థకు ఎక్కిస్తాం. స్పాటిఫై సంపాదకులకు పాటను పరిచయం చేయాలంటే కనీసం 7 రోజులు గడువు ఉండాలి. సంక్రాంతికి హైదరాబాద్, చెన్నైల నుంచి సిక్కోలు (శ్రీకాకుళం) వచ్చే రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, తిరిగి వెళ్లేటప్పుడు వారు ఊరి పాటను వెంట తీసుకెళతారు. అందుకని పల్లె పాటలను జనవరి మొదటి వారంలో పెడతాం. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే దుకాణాల మీద, డీజేల మీద కేసులు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. మేము వారికి మంచి నాణ్యత గల ఫైలు మేమే ఇచ్చి, పాట పేరు, గాయకుల పేర్లు చెరపవద్దని అడుగుతాం. రీమిక్స్‌ను సొంత పాటగా ఎక్కిస్తే మాత్రం ఊరుకోం.

వెయ్యి రూపాయలకు వేల వినికిడులు తెచ్చిపెడతామని ఫోన్ చేసేవారిని దగ్గరకు రానివ్వకండి. మేము ఒకసారి నమ్మాం. నెల తిరగకుండా ఆ పాట అన్ని వేదికల నుంచీ పోయింది, దాని నిజమైన రాబడి కూడా నిలిచిపోయింది.

సీడీలు వేయించాలా?

వద్దు. పెన్‌డ్రైవ్ మేలు.

లేబుల్‌ను పెంచుకోవడం ఎప్పుడు, ఎలా?

ఉన్న పాటల లెక్కలు ఒక్క పూటలో చెప్పగలిగిన రోజున ఇంకో కళాకారుడిని తీసుకోండి. ఏడాదికి 20 పాటలు విడుదల చేసి ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియక మూతపడిన చిన్న లేబుళ్లు ఉన్నాయి. మాకు స్ట్రీమింగ్ కంటే స్థిరమైన రాబడి డాక్యుమెంటరీలకు, ప్రకటనలకు, లఘుచిత్రాలకు పాటలు లైసెన్సుకు ఇవ్వడంలో దొరికింది. అలా అడిగేవారు మొదటి ఫోనులోనే హక్కులన్నీ మీ దగ్గర ఉన్నాయా అని అడుగుతారు. కోరస్ పాడిన నలుగురి కాగితాలు లేవని ఒక మంచి అవకాశం మా చేయి జారిపోయింది.

పెద్ద సంస్థ మా పాటలన్నీ కొంటానంటోంది. అమ్మవచ్చా?

ముందు వారు కొంటున్నది మాస్టర్లనా, మీ ఛానల్‌నా, ఇకముందు చేయబోయే పాటలను కూడానా అన్నది కాగితం మీద అడగండి. కొంత కాలానికి లైసెన్సు ఇవ్వడం కుదురుతుందేమో చూడండి. మీ ఒప్పందాల్లో కాలపరిమితి ఉంటే అంతకు మించిన హక్కును మీరు అమ్మలేరు. మాస్టర్ ఎవరి చేతికి మారినా కళాకారుల వాటా కొన్నవారే చెల్లించాలన్న వాక్యం అమ్మకపు పత్రంలోనే కాక, కళాకారులతో మొదట రాసుకున్న ఒప్పందంలో కూడా ఉండాలి. ఆ వాక్యం లేని పాత ఒప్పందాలు మా దగ్గర మూడు ఉన్నాయి. ఆ పాటలను ఏ బేరంలోకీ తీసుకురావడం లేదు.